ఆ రోజు లోహిత్ ఏం తిన్నాడు

మా అత్త తలుపులమ్మ చీడికాడ నుంచి వచ్చి అనకాపల్లిలో బస్సు దిగినప్పుడు ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో మూతికి గుడ్డ కట్టిన స్టీలు చెంబు ఉన్నాయి. చెంబులో ఏముందో గుడ్డ విప్పకుండానే నాకు తెలిసిపోయింది. తరవాణి. అన్నం గంజిలో పులిసిన ఆ నీళ్ళు వాళ్ళ ఇంట్లో పాత కుండలోంచి తోడుకని తెచ్చుకుంది. వచ్చిన గంటలో కొత్త మట్టికుండ తెప్పించింది, దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది, చెంబులోది ఒంపి, పైన గంజీ గుప్పెడన్నమూ నాలుగు నిమ్మాకులూ వేసి, వంటింటి మూల బియ్యం డబ్బా పక్కన కుదురు మీద కూర్చోబెట్టింది. మూడో రోజుకి ఇల్లంతా ఆ పుల్లటి వాసనే.

ఆమెను పిలిచింది మేమే. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను ఆమె తనంతట తానే వచ్చి మా మీద పడ్డట్టు నడుచుకున్నాను. నేను అచ్యుతాపురం వైపు ఒక బట్టల కంపెనీలో కుట్టుపని చేసేదాన్ని. తెల్లారి ఐదున్నరకి గవరపాలెం మలుపులో బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేది సాయంత్రం నాలుగు దాటాకే. మా ఆయన నానాజీకి బెల్లం మార్కెట్లో ఒక కొట్లో కాటా దగ్గర పని. పిల్లలకి వేసవి సెలవులిచ్చారు. కూతురు ఇందుకి తొమ్మిదేళ్ళు, కొడుకు లోహిత్‌కి ఆరు. అంతకు ముందు ఏడాదంతా వాళ్ళని ఇరుగింట్లో ఒకపూట, పొరుగింట్లో ఒకపూట దింపి, బతిమాలి, ముఖాలు చూసి నెట్టుకొచ్చాను. అందరూ చేతులెత్తేశారు. అత్త ఉంటే నా ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. సెలవులయ్యాక కూడా ఇక్కడే ఉండిపొమ్మని మెల్లగా అడుగుదామని మేమిద్దరం అనుకున్నాం.

ఆ తరవాణి అంటే నాకు అసహ్యం. గొలుగొండ దగ్గర మా ఊళ్ళో పదో తరగతి దాకా పొద్దున్న పూట నేను తాగింది అదే. ఇష్టమై కాదు, ఇంకోటి లేక. నర్సీపట్నంలో ఇంటర్ చదివేటప్పుడు నా పక్కన కూర్చునే పిల్ల ఒకసారి ముక్కు అటు తిప్పుకుంది. ఆ రోజు నుంచి నేను ముట్టలేదు. నా పిల్లలకి ఆ వాసన తెలియకూడదని పంతం పట్టాను. వాళ్ళకి పాలల్లో కలిపే పొడి, రంగు డబ్బాల్లో బిస్కెట్లు, సాయంత్రం నూడిల్సు. లోహిత్ చేత గ్లాసుడు పాలు తాగించడానికి రోజూ ఒక యుద్ధం జరిగేది. అయినా అదే గొప్ప అనుకునేదాన్ని.

వారం తిరక్కుండా ఇద్దరూ పొద్దున్నే లేచి ఆ కుండ దగ్గర పళ్ళేలు పట్టుకుని నిలబడుతున్నారు. అత్త రాత్రి అన్నంలో ఆ పుల్లనీళ్ళు పోసి, ఉప్పు వేసి పిసికి, ఉల్లిపాయ చితక్కొట్టి ఇచ్చేదట. నంజుకోవడానికి పచ్చిమామిడి ముక్క. ఈ సంగతి నాకు నానాజీ చెప్పాడు, మురిసిపోతూ.

ఆమెకి వంటా ఆటా వేరువేరని తెలియదు. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేసింది. నూకాలమ్మ జాతరలో కొన్న బుల్లి అల్యూమినియం గిన్నెలు వాళ్ళ చేతికిచ్చింది. వీధిలో పిల్లలందర్నీ చేరదీసింది. ఒకడు చిదుగులు ఏరాలి, ఒకర్తె బియ్యం కడగాలి, ఒకడు ఊదాలి. ఒకరోజు అటుకుల్లో బెల్లం, కొబ్బరి కలుపుకునేవాళ్ళు. ఇంకోరోజు చోడిపిండితో, అంటే రాగిపిండితో, రొట్టెలు. చేపలా ఒకటి, చెప్పులా ఒకటి, ఎవరి రొట్టె వాళ్ళే తినాలి. ముంజెలు తిన్న రోజున ఆ బుర్రలకి పుల్ల గుచ్చి బండి చేసి వీధి చివరిదాకా దొర్లించుకెళ్ళేవారు. అంతా తేలికైన పనులే, ఎవరికైనా వచ్చేవే. నాకూ వచ్చు. నేను ఒక్కటీ చెయ్యలేదు.

ఒక శనివారం నాడు వస్తూ వస్తూ ఇద్దరికీ చాక్లెట్లు కొన్నాను. గుమ్మంలోంచే పిలిచాను. ఎవరూ రాలేదు. పెరట్లోకి వెళితే పొయ్యి చుట్టూ ఆరుగురు పిల్లలు గొంతుక్కూర్చుని ఉన్నారు. నానాజీ తెచ్చిన బెల్లం ముక్కలు కరిగించి పాకం పడుతున్నారు. అత్త గరిటె తిప్పుతోంది, లోహిత్ నీళ్ళ పళ్ళెం పట్టుకుని, అందులో పడ్డ పాకం చుక్క ఉండ కడుతోందో లేదో వేలితో నొక్కి చూస్తున్నాడు. చాక్లెట్లు చూపించి మళ్ళీ పిలిచాను.

వాడు తలెత్తకుండా అన్నాడు. "ఆగమ్మా, పాకం ముదిరిపోతాది."

అందరూ నవ్వారు, అత్త కూడా. నేనూ నవ్వాను గాని లోపల భగ్గుమంది. ముదిరిపోతాదట. నేను రెండేళ్ళు కూర్చోబెట్టి వాళ్ళకి పుస్తకాల్లో మాటలు నేర్పితే, నెల్లాళ్ళలో సూడు, సెప్పు, వత్తన్నాను అని మొదలుపెట్టారు. రోజంతా నిలబడీ కూర్చునీ నేను కుట్టేది ఎవరికోసం? ఇంటికొస్తే నన్ను చూసే దిక్కు లేదు. ఆ రోజు నాకు అత్త మీద పుట్టింది అసూయే. దానికి వేరే పేరు పెట్టుకోను.

మర్నాడు ఆదివారం. నానాజీ కొట్టు యజమాని ఇంట్లో పెళ్ళి పనులకి వెళ్ళాడు. అత్త మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నేను పిల్లలిద్దరికీ మంచి బట్టలు వేసి, చెప్పులు కొందామని చెప్పి మెయిన్ రోడ్డుకి తీసుకెళ్ళాను. చెప్పులు ఇందుకి కొన్నాను. తర్వాత ఏసీ ఉన్న బేకరీలో కూర్చోబెట్టి ఏం కావాలో అడగమన్నాను. ఇందు కేకు ముక్క అడిగింది. లోహిత్ అద్దాల వెనక ఉన్న చికెన్ రోలు చూపించాడు. లోపల తెల్లటి సాస్ కారుతోంది. ఎప్పటి నుంచి అక్కడుందో అడగాలని తట్టింది, అడగలేదు. వాడు మొత్తం తిన్నాడు. తింటూ నా భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అయితే ఒకటుంది. అంతకు ముందు ఏడాది లోహిత్‌కి పచ్చకామెర్లు వచ్చి నెల రోజులు మంచాన పడ్డాడు. బయట తిండి వల్లే అన్నారు. లేచి తిరిగిన రోజున నానాజీ నాచేత వాడి తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాడు, ఇంక బయటి వంట వాడి నోట పెట్టనని. పిల్లాడి తల మీద ఒట్టు. దాన్ని ఆ చల్లటి గదిలో నేను మర్చిపోలేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

దారిలో ఇద్దరికీ చెప్పాను. "ఇది మన ముగ్గురికే తెలియాలి. నాన్నకి చెప్పొద్దు, నాన్నమ్మకి చెప్పొద్దు." లోహిత్‌కి అది ఆటలా ఉంది, నోటి మీద వేలేసుకున్నాడు. ఇందు కొత్త చెప్పుల వైపు చూస్తూ సరేనంది. ఆ సాయంత్రం ఉక్కగా ఉందని అత్త ఇద్దరికీ తలో గ్లాసుడు తరవాణి నీళ్ళు ఇచ్చింది, ఇద్దరూ తాగారు.

సోమవారం పది గంటలకి మా సూపర్‌వైజరు నన్ను మిషను దగ్గర్నుంచి లేపి ఫోనిచ్చింది. లోహిత్‌కి పొద్దుటి నుంచి వాంతులూ విరేచనాలూ, ఆసుపత్రికి తెచ్చామని నానాజీ చెప్పాడు. రెండు ఆటోలు మారి వెళ్ళేసరికి వాడికి సెలైన్ ఎక్కుతోంది. పెదాలు ఎండిపోయి, కళ్ళు లోపలికి పోయి, ఒక్క రాత్రిలో సగమైపోయాడు. నా ఒట్టు గుర్తొచ్చింది.

కుర్ర డాక్టరు కాగితం తీసి, నిన్నటి నుంచి బాబు ఏమేం తిన్నాడో వరసగా చెప్పమన్నాడు. అత్త నిజాయితీగా చెప్పుకొచ్చింది. పొద్దున్న తరవాణి అన్నం, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం తరవాణి నీళ్ళు, రాత్రి చారన్నం. ఆ నీళ్ళు ఎన్నాళ్ళవని డాక్టరు అడిగాడు. కుండ పెట్టి నెల దాటిందని అత్త చెప్పింది. రోజూ కొత్త గంజి పోస్తానని, మైల తగలనివ్వనని కూడా చెప్పింది. డాక్టరుకి నెల అన్న మాట మాత్రమే వినబడింది. నానాజీ ముఖం మారిపోయింది.

"బయట తిండి ఏమైనా పెట్టారా?" అని డాక్టరు మళ్ళీ అడిగాడు. ఈసారి నన్నే చూసి అడిగాడు.

"లేదండి" అన్నాను.

ఇందు తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను దాని వైపు చూడలేదు.

"ఇద్దరూ తాగేరు కదా బాబూ," అంది అత్త కొడుకుతో, మెల్లగా. "ఇందుకేటీ అవ్వలేదు కదా."

దానికి జవాబు నానాజీ చెప్పలేదు, నేను చెప్పాను. వాడు చిన్నోడు, వాడి కడుపు తట్టుకోలేదని. ఎప్పుడూ తల్లి మీద గొంతు లేపని మనిషి ఆ రోజు ఆసుపత్రి వరండాలో పదిమంది చూస్తుండగా, సదువుకున్న కోడలు ఒద్దన్నా ఇనవు, పిల్లడిని సంపేద్దువు అని అరిచాడు. నేనెప్పుడూ వద్దనలేదు. ముక్కు చిట్లించానంతే. ఆ సంగతి కూడా దిద్దలేదు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి ఇందు వెళ్ళి ఆమె పక్కన చేరింది.

కారణం ఏదైనా డాక్టరు అదే మందు ఇచ్చేవాడట. మూడో రోజుకి లోహిత్ లేచి తిరిగాడు. నా అబద్ధం వల్ల వాడికేం కాలేదు. ఆ మాటే నాకు నేను చాలా రోజులు చెప్పుకున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం కుండ ఎత్తి పెరట్లోకి తీసుకెళ్ళి బోర్లించింది నేనే. అత్త చూస్తూ ఊరుకుంది. అది ఆమె అత్తగారి కుండ నుంచి వచ్చిన తోడట. ఏ ఇంటికి వెళ్ళినా చెంబుడు తీసుకెళ్ళి అక్కడ మొదలుపెట్టేదట. ఈ సంగతి తర్వాత ఎప్పుడో నానాజీ మాటల్లో అన్నాడు. ఇటుకల పొయ్యి కూడా తీసేశాను, నిప్పుతో ఆటలేమిటని. వీధి పిల్లలు రెండు రోజులు గేటు దగ్గరికి వచ్చి చూసి మానేశారు.

అత్త వెంటనే వెళ్ళిపోలేదు. ఎనిమిది రోజులుంది. నేను ఏది చెబితే అది వండింది. సేమ్యా అంటే సేమ్యా, నూడిల్సు అంటే నూడిల్సు, పాకెట్టు మీద రాసింది ఇందు చేత చదివించుకుని మరీ చేసింది. నేను పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వచ్చి గుమ్మంలో నిలబడేది. టీ ఇచ్చి, వెంటనే వెళ్ళకుండా అక్కడే ఉండేది. నాకు చిరాకేసేది. ఒకరోజు అడిగింది.

"నాతో ఏటైనా సెప్పాల్నా, పావనీ?"

రేపు పొద్దున్న ఉప్మా చాలని చెప్పాను. అలాగేనమ్మా అంది. తొమ్మిదో రోజున బట్టల సంచీ సర్దుకుని, కూతురు నూకరత్నం దగ్గర పనుందని చెప్పి చీడికాడ వెళ్ళిపోయింది. నానాజీ బస్సెక్కించి వచ్చి, అరిచినందుకు అమ్మకి కోపం వచ్చినట్టుందని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకు మనసు కుదుటపడ్డట్టే అనిపించింది. పిల్లలు ఇంక నా వాళ్ళనుకున్నాను.

వాళ్ళు ఎవరి వాళ్ళూ కాలేదు. మిగిలిన సెలవులు నేను జీతం లేని సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ఒకరోజు నేనే అటుకులూ బెల్లమూ కలిపి, రండి వంటాట ఆడుకుందామన్నాను. లోహిత్ రెండు పిడికిళ్ళు తిని టీవీ పెట్టమన్నాడు. ఇందు మర్యాదగా మొత్తం తిని, గిన్నె కడిగి పెట్టి, బాగుందమ్మా అంది. అలా మనసులో లేనిది అనడం దానికి ఎవరు నేర్పారో నాకు తెలుసు. కంపెనీ వాళ్ళు సోమవారం నుంచి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. బడి తెరిచేది కూడా ఆ వారమే. ఆదివారం పొద్దున్న ఇందుని తీసుకుని చీడికాడ వెళ్ళాను, అత్తని తెస్తానని నానాజీకి చెప్పి.

నూకరత్నం ఇంటి ముందు పనసచెట్టు కింద మూడు ఇటుకలు, చుట్టూ ఏడెనిమిది మంది పిల్లలు. అత్త వాళ్ళకి చోడిరొట్టె తట్టడం చూపిస్తోంది. ఇందుని చూసి చేతులు చాపింది. ఇందు పరుగెత్తింది. నన్ను లోపలికి రమ్మని, కాళ్ళకి నీళ్ళిచ్చి, పనసపొట్టు కూరతో అన్నం పెట్టింది. నేను చెయ్యి కడుక్కున్నాక, ఆ రోజు నానాజీ అన్న మాటలు పట్టించుకోవద్దని, పిల్లలు బెంగపెట్టుకున్నారని, కావాలంటే ఇంకో కుండ పెట్టుకోవచ్చని చెప్పుకొచ్చాను. ఆ ఆఖరి మాటకి ఆమె కొంచెం నవ్వింది.

"ఇందు సెప్పింది నాకు," అంది. "ఆసుపత్రి బల్ల మీదే సెప్పింది. సెవిలో సెప్పి, అమ్మతో అనకు నాన్నమ్మా అని ఒట్టేయించుకుంది."

మరి అప్పుడే ఎందుకు బయటపెట్టలేదని అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు సిగ్గులేకపోయింది.

"నేను సెప్తే ఆడు నిన్ను ఏటంటాడో అని. నువ్వే సెప్తావు, సెప్తే సరిపోద్ది, ఏడిసి ఊరుకుంటాం అనుకున్నాను. ఎనిమిది రోజులు సూసేను." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఆ పిల్ల కంచం ముందు కూకుని నా మొకం సూసేది, నీ మొకం సూసేది. ముద్ద దిగేది కాదు దానికి. నేను సూళ్ళేకపోయేను."

నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసింది. సాయంత్రం బస్సు వేళకి తనే మాతో రోడ్డు దాకా నడిచి వచ్చింది.

"ఆడితో సెప్పమ్మా," అంది. "రాత్రికి సెప్తే రేపు పొద్దున్నే వత్తాను. తిడితే తిడతాడు. నా కొడుకే కదా, నాకు తెల్దా."

ఇంటికి చేరేదాకా ఆ వాక్యం కూర్చుకుంటూనే ఉన్నాను. ఆ రోజు నేను లోహిత్‌కి చికెన్ రోలు పెట్టాను. ఇంతే. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ అక్కర్లేదు. బస్సులో ఇందు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. చెప్పేస్తాననే అనుకున్నాను. నానాజీ నన్ను ఏమీ చేసేవాడు కాదని కూడా నాకు తెలుసు.

నానాజీ అన్నం వండి, చారు పెట్టి ఉంచాడు. తల్లి కోసం కూడా పళ్ళెం కడిగి పెట్టాడు. మేమిద్దరమే రావడం చూసి అతని ముఖం వాడిపోయింది. నలుగురం కూర్చున్నాం. అతను అన్నం కలుపుతూ అడిగాడు.

"అమ్మ ఏటంది?"

నా గొంతులో ఆ వాక్యం అంతా ఉంది. లోహిత్ చారు జుర్రుకుంటున్నాడు. నానాజీ అన్నం కలపడం ఆపి, నా జవాబు కోసమే చూస్తున్నాడు.

"మోకాళ్ళ నొప్పులంట," అన్నాను. "ఇప్పట్లో రాలేనంది."

అయిపోయింది. నా ఉద్యోగం ఆ మాటతోనే పోయింది, ఆ సంగతి నోరు మూసేలోపే తెలిసింది. అయితే వచ్చే ఆదివారం తనే వెళ్ళి, అనకాపల్లి తీసుకొచ్చి మంచి డాక్టరుకి చూపిస్తానన్నాడు నానాజీ. అతను వెళితే అంతా బయటపడుతుంది.

"ఒద్దు నాన్నా," అంది ఇందు. దాన్ని ఎవరూ అడగలేదు. "అక్కడ డాక్టరు సూసేడు. నెల్లాళ్ళు నడవొద్దన్నాడంట. నూకరత్నం అత్త రోజూ నూనె రాత్తంది. నేను కూడా రాసేను. ఇంత వాపుంది." రెండు చేతులతో ఎంత వాపో చూపించింది.

తొమ్మిదేళ్ళ పిల్ల. తడబడలేదు, నా వైపు చూడలేదు. నాకు తట్టనిది దానికి తట్టింది.

నానాజీ కళ్ళు చెమర్చాయి. ఎడం చేత్తో దాని తల నిమిరి, "నాన్నమ్మ మీద ఎంత ప్రేమో నా తల్లికి" అన్నాడు. ఇందు తలూపి, పళ్ళెం నా వైపు జరిపింది. నేను దానికి ఇంకో గరిటెడు అన్నం వేశాను.